గోళెములో నీరు - ఇంటిలో జ్వరం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల గృహిణులకు నీరు నిల్వచేయుట కొత్త కాదు. నల్లా వచ్చిన వేళనే రంజన్లు, గోళెములు, బిందెలు నింపుకొనుట తరతరముల అలవాటు. 2016 తరువాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చినవి. గోళెము ప్రక్కన రెండువందల లీటర్ల నీలిరంగు డ్రమ్ము, వంటింట ఇరవై లీటర్ల క్యాను చేరినవే గాని నిల్వ అలవాటు పోలేదు. పోనక్కరలేదు కూడ.

సుశ్రుతుడు కలకనీటిని తేర్చుటకు ఏడు ద్రవ్యములు చెప్పినాడు. వానిలో కతకము, అనగా మన చిల్లగింజ, ముఖ్యమైనది. గురుకులములో దీనిని మట్టికుండ లోపలి అంచున అరగదీయుట మా పని. తెల్లవారుసరికి మడ్డి అడుగంటి నీరు అద్దమువలె ఉండెడిది. అట్టి నీరు నిర్దోషమని మాత్రము భ్రమపడరాదు. చిల్లగింజ మడ్డిని దించును, క్రిములన్నిటిని చంపదు. వడగట్టి, మరిగించి, చల్లార్చి త్రాగవలెను. కాచిన నీరు రాత్రి నిల్వయున్నచో త్రిదోషకరమని వాగ్భటుడు హెచ్చరించినాడు గనుక ఏ రోజుకారోజు కాచుకొనుడు. బోరునీటి ఫ్లోరైడు చిల్లగింజకు గాని, మరిగించుటకు గాని లొంగదు. జనగామ పరిసరములలో అట్టి బోర్లు కలవు. ఆ నీరు వాడుకకే, త్రాగుటకు కాదు.

ఇక వాడుక నీరు. కొన్నేండ్ల క్రిందట వానకాలములో ఒక తల్లి పదేండ్ల బాలుని నా వద్దకు తీసుకొని వచ్చినది. జ్వరము, కనుల వెనుక నొప్పి. సామాన్య జ్వరమని తలచి రెండు దినములు కషాయమిచ్చితిని. మూడవనాడు చిగుళ్ళ నుండి రక్తము కనబడగా వెంటనే ఆసుపత్రికి పంపితిని. డెంగీ అని తేలినది. బాలుడు కోలుకొన్నాడు. పిదప ఆ ఇంటికి వెళ్ళి చూచితిని. పెరటిలో గోళెము, మూతలేని డ్రమ్ము. రెంటిలోను నీరు తేటగానే ఉన్నది. డ్రమ్మును తట్టగానే పురుగులు మెలికలు తిరుగుచు అడుగునకు దిగినవి. "ఇంట నీరు ఎక్కడ నిల్వ ఉంచుచున్నారమ్మా?" అని మొదటినాడే అడుగవలసినది. నేడు జ్వరరోగులను ముందుగా ఆ ప్రశ్నయే అడుగుచున్నాను.

ఈ దోమ మురికికాలువను గాక తేటనీటి పాత్రలను కోరును. నీటిమట్టమునకు కొంచెము పైన, గోడకు గ్రుడ్లు పెట్టును. అవి ఎండిపోయినను నెలల తరబడి చావవు. నీరు తగిలిన తరువాత దోమలగుటకు ఎనిమిది, పది దినములు చాలును. కావున నీరు పారబోసినంత మాత్రమున ప్రయోజనము లేదు. వారమునకొకసారి డ్రమ్ము ఖాళీచేసి, లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, ఎండబెట్టవలెను. కదలని గోళెమునకు పాత పంచెను రెండు మడతలుగా కప్పి అంచున త్రాడుతో బిగించుడు. చెక్కమూత సందులు దోమకు సింహద్వారములు.

పురుగుమందులు, రంగులు వచ్చిన డ్రమ్ములు చౌకగా దొరకును. ఎంత కడిగినను వానిని నీటికి వాడరాదు.