ఫామ్ దాచితే తాళం వేసినట్టేనా? ఎంఎస్ యాక్సెస్‌లో హిడెన్ ఫామ్స్, యూజర్ పర్మిషన్స్ సెట్ చేసుకోండిలా

ఫోన్‌లో ఒక యాప్‌ని హోమ్ స్క్రీన్ మీద కనిపించకుండా తీసేశారు. బాగానే ఉంది. కానీ మీ తమ్ముడు సెర్చ్‌లో ఆ యాప్ పేరు కొడితే? వెంటనే వచ్చేస్తుంది. ఎందుకంటే మీరు దాన్ని దాచారే గానీ లాక్ చేయలేదు.

డెస్క్‌టాప్ డేటాబేస్ అప్లికేషన్లు తయారు చేసే కుర్రాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు కూడా ఇదే. ఫామ్ కనిపించకుండా చేసి, సెక్యూరిటీ అయిపోయిందనుకుంటారు. ఈ ఆర్టికల్‌లో హిడెన్ ఫామ్‌ని ఏ పనికి వాడాలి, ఏ పనికి నమ్ముకోకూడదు, ఎవరికి ఏ పర్మిషన్ ఇవ్వాలి అనేవి ఒక ఉదాహరణతో చూద్దాం.

మన ఉదాహరణ

జనగామలో ఒక విత్తనాలు, ఎరువుల షాపు ఉందనుకుందాం. దానికే మహబూబాబాద్, భూపాలపల్లిలో రెండు బ్రాంచులు. మూడు చోట్ల బిల్లులూ సాయంత్రానికి జనగామ ఆఫీసుకు వస్తాయి. అక్కడ ముగ్గురు ఆపరేటర్లు ఒక్కొక్కరు ఒక బ్రాంచి ఎంట్రీ చేస్తారు. పైన ఒక అకౌంటెంట్, ఆపైన ఓనర్.

ఈ డేటాబేస్‌లో ఏముంటుంది? రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, ఉద్దెర ఖాతాలు. ఏ ఊళ్లో ఎవరు ఎంత బాకీ ఉన్నారో మొత్తం అందులోనే. ఆ లిస్టు బయటకు పోతే పరువు పోయేది షాపుది మాత్రమే కాదు, యాసంగి పంట అమ్మాక కడతానని మాటిచ్చిన రైతుది కూడా. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా, డేటా తీసుకున్నవాళ్లే దాన్ని కాపాడాలని చెబుతోంది. కాబట్టి ఇది సరదా ప్రాజెక్ట్ కాదు.

పాత వీడియోలు చూసి కన్ఫ్యూజ్ కావద్దు

ఎండీబీ ఫైళ్ల రోజుల్లో యాక్సెస్‌లోనే యూజర్లు, గ్రూపులు, ఒక్కో ఫామ్‌కి పర్మిషన్లు ఉండేవి. యాక్సెస్ 2007తో వచ్చిన ఏసీసీడీబీ ఫార్మాట్‌లో ఆ సదుపాయం తీసేశారు. పాత పుస్తకంలో చూసిన మెనూ మీ కంప్యూటర్‌లో కనిపించకపోతే తప్పు మీది కాదు. ఇప్పుడు ఆ పని మనమే కట్టుకోవాలి.

ఇంకో మాట: కింద కమాండ్ల పేర్లు తెలుగులో రాశాం. వీబీఏ ఎడిటర్‌లో వాటిని ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే చాలావరకు లిస్ట్ అదే చూపిస్తుంది.

స్టెప్ 1: ముందు టేబుల్స్

మూడు టేబుల్స్ చాలు. మొదటిది బ్రాంచులది: బ్రాంచి ఐడీ, పేరు. రెండోది యూజర్లది: విండోస్ లాగిన్ పేరు, హోదా, బ్రాంచి ఐడీ, యాక్టివ్ అవునా కాదా. మూడోది లాగ్: ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు.

పని మానేసిన ఆపరేటర్ రికార్డు డిలీట్ చేయకండి. యాక్టివ్ టిక్ తీసేయండి. లేకపోతే పాత బిల్లులు ఎవరు ఎంట్రీ చేశారో తర్వాత తెలియదు.

బ్రాంచి పేరు, జిల్లా పేరు మాత్రం కోడ్‌లో రాయొద్దు. ఎందుకో మన జిల్లాలే చెబుతాయి. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిగా వచ్చింది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. "జిల్లా భూపాలపల్లి అయితే ఈ ఫామ్ చూపించు" అని కోడ్‌లో రాసుకున్నవాడు ప్రతిసారీ కోడ్ విప్పి మార్చాల్సిందే. టేబుల్‌లో పెట్టుకున్నవాడు ఒక్క లైను మారిస్తే సరిపోతుంది. పర్మిషన్ ఎప్పుడూ ఐడీ మీద ఇవ్వండి, పేరు మీద కాదు.

స్టెప్ 2: వచ్చింది ఎవరో తెలుసుకోవడం

చాలామంది పాస్‌వర్డ్‌లను టేబుల్‌లో ఉన్నవి ఉన్నట్టుగా దాస్తారు. టేబుల్ తెరిచినవాడికి అందరి పాస్‌వర్డ్లూ దొరికిపోతాయి. దానికన్నా ఒక్కో ఆపరేటర్‌కి కంప్యూటర్‌లో వేరు వేరు విండోస్ అకౌంట్ పెట్టి, ఆ లాగిన్ పేరునే మన యూజర్స్ టేబుల్‌లో వెతకడం మంచిది. పాస్‌వర్డ్ సంగతి విండోస్ చూసుకుంటుంది.

ఆ పేరు తెలుసుకోవడానికి ఎన్విరాన్ ఫంక్షన్ వాడమని చాలా చోట్ల రాస్తారు. అది తేలికే, కానీ యాక్సెస్ తెరిచే ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ పేరుని ఎవరైనా మార్చుకోవచ్చు. డబ్ల్యూస్క్రిప్ట్ నెట్‌వర్క్ ఆబ్జెక్ట్ నుంచి యూజర్‌నేమ్ తీసుకుంటే ఆ చిన్న మోసం నడవదు.

స్టెప్ 3: హిడెన్ సెషన్ ఫామ్

హిడెన్ ఫామ్‌కి అసలైన పని ఇక్కడ ఉంది. "సెషన్" అని ఒక చిన్న ఫామ్ చేయండి. అందులో నాలుగు టెక్స్ట్ బాక్సులు: యూజర్ ఐడీ, హోదా, బ్రాంచి ఐడీ, లాగ్ నంబర్. డేటాబేస్ తెరవగానే ఆటోఎగ్జెక్ మాక్రో ద్వారా మీ కోడ్ నడిచి, డూసీఎండీ ఓపెన్‌ఫామ్ కమాండ్‌తో ఈ ఫామ్‌ని తెరవాలి. విండో మోడ్ దగ్గర ఏసీహిడెన్ ఇవ్వాలి. ఫామ్ తెరిచే ఉంటుంది, కంటికి కనిపించదు. యూజర్స్ టేబుల్‌లో దొరికిన వివరాలు ఆ బాక్సుల్లో నింపండి.

గ్లోబల్ వేరియబుల్ పెట్టుకోవచ్చు కదా అంటారా? ఏసీసీడీబీలో పట్టుకోని ఎర్రర్ ఒకటి వచ్చి కోడ్ రీసెట్ అయితే గ్లోబల్ వేరియబుల్స్ ఖాళీ అవుతాయి. హిడెన్ ఫామ్‌లోని విలువలు అలాగే ఉంటాయి. టెంప్‌వార్స్ కూడా అలాగే నిలబడతాయి, అవి వాడినా తప్పులేదు. కానీ ఫామ్‌కి ఈవెంట్లు కూడా ఉంటాయి. దాని లాభం స్టెప్ 6లో చూస్తారు.

స్టెప్ 4: ప్రతి ఫామ్ గుమ్మం దగ్గర చెక్

మెనూలో బటన్ దాచినంత మాత్రాన ఫామ్ తెరవడం ఆగదు. అసలు చెక్ ఆ ఫామ్‌లోనే ఉండాలి. దీనికి లోడ్ ఈవెంట్ కాదు, ఓపెన్ ఈవెంట్ వాడండి. ఓపెన్‌లో క్యాన్సిల్ అనే ఆప్షన్ ఉంటుంది. సెషన్ ఫామ్‌లో హోదా చూసి, పర్మిషన్ లేకపోతే క్యాన్సిల్‌ని ట్రూ చేస్తే ఫామ్ తెరుచుకోకుండానే ఆగిపోతుంది.

అప్పుడు పిలిచిన చోట 2501 నంబర్ ఎర్రర్ వస్తుంది. కంగారు పడొద్దు. "తెరవడం క్యాన్సిల్ అయింది" అనే దాని అర్థం. ఎర్రర్ హ్యాండ్లర్‌లో ఆ నంబర్‌ని పట్టుకుని, "ఈ పేజీకి మీకు పర్మిషన్ లేదు" అని తెలుగులో మెసేజ్ ఇవ్వండి.

చూడనిచ్చి, మార్చనివ్వకూడదంటే అలౌ ఎడిట్స్, అలౌ డిలీషన్స్, అలౌ అడిషన్స్ మూడింటినీ నో చేయాలి. ఒక చిక్కు గుర్తుంచుకోండి: అలౌ ఎడిట్స్ నో చేస్తే అదే ఫామ్‌లో ఉన్న సెర్చ్ బాక్స్ కూడా పనిచేయదు. అప్పుడు ఫామ్ మొత్తం కాకుండా, ఒక్కో టెక్స్ట్ బాక్స్‌ని లాక్డ్ చేయండి.

స్టెప్ 5: ఎవరి బ్రాంచి వాళ్లకే

మహబూబాబాద్ ఆపరేటర్‌కి భూపాలపల్లి ఖాతాలు ఎందుకు? అందుకే క్వెరీలో బ్రాంచి ఐడీ దగ్గర సెషన్ ఫామ్‌లోని విలువని షరతుగా పెడతాం. ఇక్కడే పెద్ద కన్నం ఉంది. ఏ కారణంతోనైనా సెషన్ ఫామ్ మూసుకుపోతే, యాక్సెస్ ఒక చిన్న బాక్స్ చూపించి ఆ విలువని యూజర్‌నే అడుగుతుంది. మహబూబాబాద్ ఆపరేటర్ అందులో 3 అని కొడితే భూపాలపల్లి లెక్కంతా ముందుకొచ్చేస్తుంది!

దీనికి మందు: క్వెరీలో ఫామ్ పేరు నేరుగా రాయకండి. ఒక మాడ్యూల్‌లో చిన్న ఫంక్షన్ రాయండి. అది ముందు ఈజ్‌లోడెడ్‌తో సెషన్ ఫామ్ తెరిచి ఉందా అని చూడాలి. ఉంటే బ్రాంచి ఐడీ ఇవ్వాలి, లేకపోతే 0 ఇవ్వాలి. 0 నంబర్ బ్రాంచి ఏదీ లేదు కాబట్టి ఒక్క రికార్డూ రాదు. అనుమానం వస్తే తలుపు తెరవడం కాదు, మూయడం పద్ధతి.

కొత్త బిల్లు ఎంట్రీ చేసేటప్పుడు కూడా బ్రాంచిని ఆపరేటర్‌తో ఎంపిక చేయించొద్దు. బిఫోర్ ఇన్సర్ట్ ఈవెంట్‌లో అదే ఫంక్షన్‌తో నింపేయండి.

స్టెప్ 6: వెళ్లిన టైమ్, ఊరికే వదిలేసిన కంప్యూటర్

యాక్సెస్‌ని మూసేటప్పుడు హిడెన్ ఫామ్ కూడా మూసుకుంటుంది. కాబట్టి దాని అన్‌లోడ్ ఈవెంట్‌లో లాగ్ టేబుల్‌లో వెళ్లిన టైమ్ రాయొచ్చు. కరెంట్ పోతే మాత్రం ఆ ఈవెంట్ నడవదు, టైమ్ ఖాళీగా ఉంటుంది. అందుకని ఖాళీని తప్పుగా చూడకండి, అలా వచ్చినవాటిని వేరుగా లెక్కపెట్టండి.

ఆపరేటర్ చాయ్ తాగడానికి వెళ్లి స్క్రీన్ అలాగే వదిలేస్తే? సెషన్ ఫామ్‌లో టైమర్ ఇంటర్వల్ 60000 పెట్టండి. అంటే నిమిషానికోసారి టైమర్ ఈవెంట్ నడుస్తుంది. ఏ ఫామ్‌లో ఏ బాక్స్ మీద కర్సర్ ఉందో గుర్తుపెట్టుకుని, వరుసగా 10 సార్లు అదే ఉంటే అప్లికేషన్‌ని మూసేయమనండి. ఒకే బాక్స్‌లో పెద్ద రిమార్క్ రాసేవాళ్లు కూడా ఈ లెక్కలో ఊరికే కూర్చున్నట్టే కనిపిస్తారు. కాబట్టి మూసే ముందు ఒక వార్నింగ్ చూపించండి.

స్టెప్ 7: ఇప్పుడు అసలు తాళాలు

ఇప్పటిదాకా చేసింది మర్యాదస్తుల కోసం. కావాలని లోపలికి దూరాలనుకునేవాడిని ఆపాలంటే ఇవి కూడా కావాలి. ఒక్కోటి ఎంతవరకు ఆపుతుందో తెలుసుకుని వాడండి.

ఫైల్‌ని రెండుగా విడగొట్టండి. టేబుల్స్ ఉన్న బ్యాక్ ఎండ్ ఒకచోట, ఫామ్స్ ఉన్న ఫ్రంట్ ఎండ్ ఒక్కో కంప్యూటర్‌లో.

ఫ్రంట్ ఎండ్‌ని ఏసీసీడీఈగా మార్చి ఇవ్వండి. కోడ్ చూడలేరు, ఫామ్ డిజైన్ మార్చలేరు. అయితే టేబుల్స్‌లోని డేటాకి ఇది అడ్డు కాదు. అసలు ఏసీసీడీబీ కాపీ మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి, లేకపోతే రేపు మీరే మార్చలేరు.

ఆప్షన్స్‌లో కరెంట్ డేటాబేస్‌కి వెళ్లి నావిగేషన్ పేన్ టిక్ తీసేయండి. అది ఒక్కటే తీస్తే ఎఫ్11 నొక్కగానే మళ్లీ వస్తుంది. స్పెషల్ కీస్ టిక్ కూడా తీయాలి.

షిఫ్ట్ కీ పట్టుకుని ఫైల్ తెరిస్తే ఈ సెట్టింగులూ, ఆటోఎగ్జెక్ కూడా పక్కకు పోతాయి. అలౌ బైపాస్ కీ అనే ప్రాపర్టీని కోడ్‌తో తయారు చేసి ఫాల్స్ పెడితే అది ఆగుతుంది. కానీ కోడ్ తెలిసినవాడు వేరే డేటాబేస్ నుంచి దాన్ని మళ్లీ ట్రూ చేయగలడు.

బ్యాక్ ఎండ్‌ని ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి. ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకెళ్లినా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. ఫ్రంట్ ఎండ్ లింకుల్లో ఆ పాస్‌వర్డ్ దాగి ఉంటుందని మాత్రం మరిచిపోవద్దు. అందుకే ఫ్రంట్ ఎండ్‌ని కూడా ఎన్‌క్రిప్ట్ చేయాలి.

ఇచ్చే ముందు ఈ 5 టెస్టులు

1. షిఫ్ట్ పట్టుకుని ఫైల్ తెరవండి.
2. ఎఫ్11, ఆల్ట్ ఎఫ్11 నొక్కండి.
3. ఒక ఖాళీ డేటాబేస్ చేసి, అందులోకి బ్యాక్ ఎండ్ టేబుల్స్‌ని ఇంపోర్ట్ చేయడానికి ప్రయత్నించండి. ఎక్సెల్ నుంచి కూడా చూడండి.
4. మీ దగ్గరున్న ఏసీసీడీబీ కాపీలో సెషన్ ఫామ్‌ని కావాలని మూసేసి, ఖాతాల క్వెరీ తెరవండి. ఒక్క రికార్డూ రాకూడదు.
5. యాక్టివ్ టిక్ తీసేసిన యూజర్‌తో లాగిన్ అయి చూడండి.

ఏ ఒక్క టెస్టులో డేటా కనిపించినా ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

యాక్సెస్‌తో ఎంతవరకు?

నిజం చెప్పుకుందాం. బ్యాక్ ఎండ్ ఉన్న ఫోల్డర్‌లో ఆపరేటర్‌కి రాసే పర్మిషన్ ఇవ్వకపోతే అప్లికేషన్ నడవదు. ఇస్తే ఆ ఫైల్‌ని అతను కాపీ చేసుకోగలడు. పాస్‌వర్డ్ కూడా తెలిస్తే బ్రాంచి షరతులేవీ అతన్ని ఆపలేవు. ఇది మన కోడ్ లోపం కాదు, ఫైల్ రూపంలో ఉండే డేటాబేస్ స్వభావం.

రేపు ఓనర్ "మహబూబాబాద్, భూపాలపల్లి నుంచే నేరుగా ఎంట్రీ చేయిద్దాం" అంటే బ్యాక్ ఎండ్ ఫైల్‌ని ఇంటర్నెట్ మీద షేర్ చేయకండి. మధ్యలో లైన్ తెగితే ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు టేబుల్స్‌ని ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి గానీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కి గానీ మార్చి, బ్రాంచులను వీపీఎన్‌తో కలపండి. మీ యాక్సెస్ ఫామ్స్‌ని చిన్న మార్పులతో వాటికి లింక్ చేసుకోవచ్చు. ఎవరు ఏ రికార్డు చూడాలో అక్కడ సర్వరే నిర్ణయిస్తుంది. ఆపరేటర్ చేతికి ఫైల్ దొరకదు.

అప్పటిదాకా ఓనర్‌కి ఒక్క మాట ముందే చెప్పండి: "సార్, ఈ సాఫ్ట్‌వేర్ పొరపాట్లను ఆపుతుంది, పక్కవాళ్ల చూపుని ఆపుతుంది. ఫైల్ ఎత్తుకెళ్లాలనుకునే మనిషిని పూర్తిగా ఆపలేదు." అసలు అవసరం లేకపోతే ఆధార్ నంబర్ తీసుకోవడమే మానేయమనండి. డేటాబేస్‌లో లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు కదా!