రెక్క కోసే ముందు చౌకట్టు చూడండి

కొత్త ఇంటికి చౌకట్లూ తలుపులూ కిటికీలూ సాధారణంగా ఒక్క మేస్త్రీయే చేస్తాడు. పాత ఇంటికి కిటికీ రెక్కలు మార్చే పని అలాంటిది కాదు. చౌకట్టు ఎవరో నిలబెట్టి ఉంటారు, గ్రిల్లు ఇంకెవరో బిగించి ఉంటారు, ప్లాస్టరింగు మరొకరు చేసి ఉంటారు. రెక్క పట్టేసినా, సందు వంకరగా కనిపించినా మాట పడేది మాత్రం చివర వచ్చిన మీరే. సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టిన వడ్రంగులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పని రాక కాదు, చౌకట్టు చూడకుండా రేటు చెప్పేయడం వల్ల.

కొలతకు వెళ్లినప్పుడు

టేపు ఒక్కసారి పెట్టి ఎత్తు, వెడల్పు రాసుకుని వచ్చేయకండి. వెడల్పు పైన, మధ్యలో, కింద తీయండి. ఎత్తు ఎడమ, మధ్య, కుడి వైపుల తీయండి. వాటిలో చిన్నదే మీ లెక్క. తర్వాత ఐమూలగా రెండు వైపులా కొలవండి. 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల ఎత్తు ఉన్న కిటికీకి ఆ కొలత సరిగ్గా 60 అంగుళాలు రావాలి. ఒకవైపు అరవైంబావు, రెండోవైపు పావు తక్కువ అరవై వచ్చిందనుకోండి, టేపు మీద తేడా అరంగుళమే. కానీ పై కర్ర కింది కర్ర మీద మూడు నూళ్లకు పైగా పక్కకు జరిగి ఉందన్నమాట. మూలమట్టానికి కోసిన రెక్క అందులో కూర్చోదు.

తూకపు గుండు కూడా వేసి చూడండి. బందులు వచ్చే నిలువు కర్ర ముందుకో వెనక్కో ఒరిగి ఉంటే, రెక్క ఎంత బాగా చేసినా దానంతటదే తెరుచుకోవడమో మూసుకోవడమో చేస్తుంది. కింది కర్రను స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే చెద పట్టిందో లేదో తెలుస్తుంది. గ్రిల్లులోంచి చెయ్యి దూరి గాలి కొక్కెం అందుతుందా, బయటికి తెరిస్తే ఏసీ యూనిట్‌కు గానీ పక్కింటి గోడకు గానీ తగులుతుందా అన్నవీ అప్పుడే చూసుకోవాలి.

ముందే చెప్పాల్సిన మాట

చౌకట్టులో తేడా కనిపిస్తే రెక్క కోయకముందే ఇంటివాళ్లను పిలిచి టేపు పట్టి చూపించండి. "అమ్మా, చౌకట్టు కాస్త ఒరిగింది. దానికి తగ్గట్టు రెక్క చిత్రిక పట్టి బిగిస్తాను, చౌకట్టులో వంకర మాత్రం కంటికి కనపడుతుంది. అది కూడా పోవాలంటే చౌకట్టు తీసి మళ్లీ పెట్టాలి, ఆ ఖర్చు వేరు." బిగించాక ఇదే మాట చెబితే సాకులా వినపడుతుంది, ముందు చెబితే పనితనంలా వినపడుతుంది.

తర్వాత ఒక కాగితం మీద రాయండి: ఎన్ని కిటికీలు, ఏ కర్ర, బందులూ గడియలూ ఎవరు కొనాలి, రేటు రెక్కకా చదరపు అడుగుకా, అడుగుకైతే కొలత చౌకట్టు బయటి అంచుకా లోపలి అంచుకా. పాత రెక్కలు విప్పే కూలి, రంగు పని, జాలీ పని కలిశాయో లేదో కూడా రాయండి. చివర్లో తగాదా వచ్చేది ఎప్పుడూ రాయని అంశం దగ్గరే. ఆ కాగితాన్ని ఫోటో తీసి వాళ్లకు వాట్సాప్‌లో పంపండి.

బిగించేటప్పుడు

కర్ర తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవున దాదాపు మారదు. అందుకే మే నెలలో బిగుతుగా కూర్చోబెట్టిన రెక్క శ్రావణమాసానికి పట్టేస్తుంది. ఎండాకాలంలో బిగిస్తే పక్కలకు ఒక నూలు వరకు సందు వదలండి. వానాకాలంలో అంత అక్కర్లేదు, ఆరాక అదే వస్తుంది. జంట రెక్కలైతే రెండూ కలిసే చోట కూడా ఇదే జాగ్రత్త.

వేలాడదీసే ముందు రెక్క పై అంచుకూ కింది అంచుకూ ప్రైమరు పూయండి. బిగించాక అక్కడికి కుంచె అందదు. వాన నీళ్లను కర్ర ఎక్కువగా పీల్చేది ఆ కోసిన అంచుల నుంచే. నాలుగడుగుల రెక్కకు రెండు బందులతో సరిపెట్టకుండా మూడు వేయండి. ముందు ఒక్కో బందుకు ఒక్కో స్క్రూ మాత్రమే ఎక్కించి, రెక్కను తెరిచి మూసి చూశాకే మిగతావి బిగించండి. టేకుకైనా మద్దికైనా ముందు సన్నని రంధ్రం వేయాలి. సుత్తితో కొట్టిన స్క్రూ కొన్నాళ్లకు వదులవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప స్క్రూలు వద్దు. ఇత్తడివి గానీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ అడగండి.

పై అంతస్తుల్లో రెక్కను తాడుతో లోపలి వైపు కట్టుకున్నాకే బయటికి తిప్పండి. సేఫ్టీ బెల్టు లేకుండా కిటికీలోంచి నడుము దాటి వంగకండి. కింద ఒక మనిషిని నిలబెట్టి, ఆ మనిషి కూలి కూడా రేటులో కలపండి.

మీకు దక్కాల్సినవి

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచరు, శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, 5 శాతం వడ్డీకి హామీ లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు అందులో ఉన్నాయి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఏడాదిలో కనీసం 90 రోజులు భవన నిర్మాణ పనిలో ఉన్న 18 నుంచి 60 ఏళ్ల లోపువారు కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఈ రెండింటికీ మీరు రాసిచ్చిన అంచనా కాగితాలు, ఫోటోలు దాచి ఉంచుకోండి, పని చేస్తున్నారని చూపించడానికి పనికొస్తాయి.

రేటు చెప్పేటప్పుడే ఇంకో రాకపోక ఖర్చు కలిపి, "మొదటి వానలకు ఒకసారి వచ్చి రెక్కలు చూసి వెళతాను" అని చెప్పండి. పట్టేసిన చోట నాలుగు చిత్రికలు పట్టి, వదులైన స్క్రూ బిగించడానికి అరపూట కూడా పట్టదు. చెప్పిన రోజుకు మీరు నిజంగా వెళితే, ఆ వీధిలో తర్వాతి కిటికీ పని అడక్కుండానే మీ దగ్గరికి వస్తుంది.