లాంచి ఒక్కటే, ప్రయాణికులు నలుగురు

వేసవి సెలవుల్లో పిల్లలకి ఆట పటాలు గీసిపెట్టడం నాకెప్పట్నించో అలవాటు. వైకుంఠపాళి, అష్టాచెమ్మా, పులిజూదం అన్నీ గీశాను. సొంతంగా ఓ ఆట కట్టాలనుకున్నప్పుడు మాత్రం వేరే ఆలోచన రాలేదు, 'అందాల రాముడు' తీసుకున్నాను. 1973లో వచ్చిన సినిమా. బాపు తీశారు, ముళ్ళపూడి వెంకటరమణ రాశారు, నాగేశ్వరరావు, లత వేశారు. రాజమండ్రిలో లాంచి ఎక్కి భద్రాచలం వెళ్ళే కథ కాబట్టి మా ఊరివాళ్ళకి అది సినిమాలా ఉండదు, పక్కింటి సంగతిలా ఉంటుంది. ఆ ఆట మా ఇంట్లో బాగానే నలిగింది. మీకిష్టమైన పాత సినిమాతో మీరూ ఒకటి చేసుకోవాలనుకుంటే పనికొస్తాయని నాకు తెలిసిన నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నాలుగంటే నాలుగే కాదులెండి.

1. కథని గళ్ళలో పెట్టకండి

ఎవరికైనా ముందు ఇదే తోస్తుంది. ఒక్కో గడిలో ఒక్కో సన్నివేశం రాయడం, 'హీరోయిన్ అలిగింది, రెండు గళ్ళు వెనక్కి' అనడం. అలా చేస్తే మిగిలేది సినిమా పేర్లు అతికించిన వైకుంఠపాళి. వైకుంఠపాళి మంచి ఆటే. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము అని పిల్లలకి చెప్పడానికి పెద్దలు కట్టిన పటం అది. అందులో ఆడేవాడికి గవ్వలు వెయ్యడం తప్ప ఇంకో పని లేదు. పైగా సినిమా కథ అందరికీ కంఠతా వచ్చు. తరవాతేమవుతుందో తెలిసిన ఆట ఎవరాడతారు?

కథని వదిలేసి, ఆ కథ ఏ ఇరకాటంలోంచి పుట్టిందో వెతకండి. 'మాయాబజార్' (1957)లో ఇరకాటం ఏమిటి? ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకపోవడం. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. పాండవులు తెరమీద ఒక్కసారీ కనబడరు, అయినా గొడవంతా వాళ్ళ చుట్టూనే. ఆ సినిమాకి గళ్ళ దారి గీస్తే దండగ. దానికి మూసి ఉంచిన చీటీల ఆట కావాలి. ఎక్కినవాడి చేత నిజం చెప్పించే సత్యపీఠం ఎలాగూ ఉంది, 'నీ చీటీ చూపించు' అనే నియమం దాంట్లోంచే వస్తుంది. 'మిస్సమ్మ' (1955) అయితే పెళ్ళికాని ఇద్దరు మొగుడూపెళ్ళాలమని చెప్పుకోవడం. ఇద్దరు ఆటగాళ్ళు ఒకే అబద్ధాన్ని చివరిదాకా కలిసి మోయాలి. ఆట అక్కడే ఉంది.

'అందాల రాముడు'లో ఇరకాటం లాంచి. ఉన్నవాడూ లేనివాడూ అందరూ ఒక్క లాంచిలో ఇరుక్కున్నారు. రేవు వస్తే తప్ప దిగడానికి లేదు.

2. లాంచిలో ఎవరూ ముందు చేరరు

దారి ఉంది కదా అని పరుగుపందెం పెట్టాలనిపిస్తుంది. నాలుగు పావులు, ఎవరు ముందు భద్రాచలం చేరితే వారిదే గెలుపు. కానీ లాంచిలో మేడమీద కూర్చున్నవాడూ కింద మూటమీద కూర్చున్నవాడూ ఒకే నిమిషంలో చేరతారు! అందుకని నా పటంమీద కదిలేది ఒక్కటే, లాంచి.

కొబ్బరి మట్ట ముక్కని చాకుతో జానెడు లాంచిలా చెక్కి, నాలుగు బెజ్జాలు పెట్టాను. రెండు మేడమీద, రెండు కింద. నాలుగు అగ్గిపుల్లలకి నాలుగు రంగులు. ఆ పుల్లలే మనుషులు, బెజ్జాలే సీట్లు. అందరూ కలిసి వెళ్తుంటే పోటీ ఎక్కడుందంటారా? చీటీల్లో ఉంది. ఆట మొదట్లో ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ వస్తుంది, ఎవరికీ చూపించకూడదు. ఒకరికి మొక్కు ఉంటుంది. లాంచి పట్టిసీమలోనూ పేరంటపల్లిలోనూ ఆగి తీరాలి. ఒకరు పెళ్ళిచూపులకి వెళ్తుంటారు, వరద ముదరకముందే చేరాలి. ఒకరు బాకీ వసూలుకి బయల్దేరారు, భద్రాచలం చేరేసరికి బాకీదారు పక్క సీట్లో ఉండాలి. నాలుగోవాడు ఆ బాకీ ఎగ్గొట్టినవాడే. వసూలుకొచ్చినవాడికి వాడెవరో తెలియదు, వీడికి వాడెవరో తెలియదు.

ఇప్పుడు చూడండి. ఒకడికి లాంచి ఆగాలి, ఒకడికి పరిగెత్తాలి, మిగిలిన ఇద్దరికీ లాంచి సంగతే పట్టదు, సీట్ల గొడవే. వంతు వచ్చినవాడు సరంగు. చింతపిక్కలు వేసి, పడిన లెక్కలో ఇష్టమైతే ఒకటి తగ్గించుకోవచ్చు. లాంచి సరిగ్గా రేవు గడిలో పడితేనే ఆగినట్టు. ఆ 'ఒకటి' చుట్టూ ఎంత బేరం నడుస్తుందో చెప్పలేను. మేడమీదివాళ్ళకి సరంగుకి డబ్బులిచ్చి అడిగే హక్కుంది, కాకపోతే రేవు రేవుకీ ఓ పావలా కట్టాలి. కిందివాళ్ళకి డబ్బు ఖర్చు లేదు, కబుర్లున్నాయి. రేవు వచ్చినప్పుడల్లా పక్కవాణ్ణి అవునా కాదా అని ఒక్క ప్రశ్న అడగొచ్చు, అబద్ధం చెప్పకూడదు. డబ్బున్నచోట కబురు అందదు, కబురున్నచోట డబ్బు ఉండదు. రేవులో సీట్లు మార్చుకోవచ్చు, ఇద్దరికీ ఒప్పుదలైతేనే.

ఈ ఆటలో ఇద్దరు గెలవొచ్చు. ఎవరూ గెలవకపోవచ్చు. మా పెద్దల్లుడుగారికి అది మొదట మింగుడు పడలేదు, "గెలుపోటమి తేలకపోతే ఆటేమిటండీ" అన్నారు. ఇప్పుడు బాకీ చీటీ ఆయనకే కావాలి.

3. నియమాలు ఏటినడిగి రాయండి

మీ సినిమా జరిగే చోటు మీకు తెలిసిందైతే, నియమాల కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నా పటంమీద కింద రాజమండ్రి, పైన భద్రాచలం, ఎదురీతే. మధ్యలో పట్టిసీమ, పోలవరం, పాపికొండలు, పేరంటపల్లి, శబరి వచ్చి కలిసే కూనవరం. పాపికొండల దగ్గర ఏరు సన్నబడి లోతు పెరుగుతుంది, కాబట్టి అక్కడ రేవు గడి లేదు, మాటలు తప్ప సీట్ల మార్పిడి లేదు. కూనవరం దగ్గర రెండు నదుల నీరు ఎగదన్నుతుంది, అక్కడ పడితే ఓ వంతు ఆగాలి.

వరద సంగతి నేను కల్పించిందేమీ లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. శ్రావణ భాద్రపదాల్లో ఈ అంకెలు వినని ఇల్లు మా వైపు ఉండదు. పటం అంచున ఓ నిలువు గీత గీసి ఆ మూడూ రాశాను. అష్టా పడినప్పుడల్లా వరద ఓ మెట్టెక్కుతుంది. మొదటి హెచ్చరికకి లాంచి పడినదానికన్నా ఒక గడి తక్కువ నడుస్తుంది. రెండోది వచ్చిందంటే పెళ్ళిచూపులు చెడినట్టే. మూడోదానికి లాంచి వెనకనున్న రేవులో కట్టేసి, అక్కడే చీటీలు విప్పుతారు. గీత పైకొసన 75.6 అని ఎర్రగా రాసి ఉంటుంది, 1986 ఆగస్టులో భద్రాచలం చూసిన నీరు. దాంతో ఆటలో పనిలేదు. రాయకుండా ఉండలేకపోయాను.

ఏ సంవత్సరపు గోదారి గీస్తున్నామో ముందే తేల్చుకోవాలి. నాది 1973. అందుకని రాజమండ్రి దగ్గర 1900 నాటి హేవలాక్ వంతెన నిండుగా ఉంటుంది, రోడ్డు కం రైలు వంతెనకి స్తంభాలే ఉంటాయి, అది తెరిచింది 1974లో. పోలవరం దగ్గర ఆనకట్ట ఉండదు. ఇప్పుడు రాజమండ్రిలో లాంచి ఎక్కి భద్రాచలంలో దిగడం అయ్యే పని కాదు, పాపికొండలు చూడబోయేవాళ్ళు ప్రాజెక్టుకి ఎగువన ఎక్కుతున్నారు. మా మనవడు "ఆనకట్ట కూడా గియ్యి అమ్మమ్మా" అన్నాడు. గీస్తే ఆట అక్కడే ఆగిపోతుంది నాయనా అన్నాను.

ఊరి పేర్లు పెట్టడం చిన్నపిల్లల చేష్ట అని సందేహించకండి. అమెరికాలో మోనోపలీని పార్కర్ బ్రదర్స్ వాళ్ళు 1935లో అమ్మకానికి పెట్టక ముందు, జనం ఆ ఆటని ఇంట్లోనే గుడ్డమీదా అట్టమీదా గీసుకుని, తమ ఊరి వీధుల పేర్లు రాసుకుని ఆడారు.

4. పాచికలకన్నా చింతపిక్కలు

బజార్లో దొరికే పాచికలో ఒకటి నుంచి ఆరుదాకా అన్నీ సమానంగా పడతాయి. నాలుగు చింతపిక్కలకి ఆ గుణం లేదు. పదహారు రకాలుగా పడే వీలుంటే అందులో ఆరుసార్లు రెండు, నాలుగుసార్లు ఒకటి, నాలుగుసార్లు మూడు, ఒక్కసారి చెమ్మా అంటే నాలుగు, ఒక్కసారి అష్టా అంటే ఎనిమిది. సగటున వంతుకి రెండున్నర గళ్ళు. అంటే అరవై గళ్ళ ఏరు గీస్తే సుమారు ఇరవై నాలుగు వంతుల్లో ప్రయాణం అవుతుంది, మనిషికి ఆరు. పటం పొడుగు నేను కొలిచింది ఈ లెక్కతోనే, గుడ్డ పన్నాతో కాదు. పైగా రెండు పడే అవకాశం ఎక్కువని తెలుసు కాబట్టి సరంగు ముందే ఓ అంచనా వేసుకోగలడు. బేరాలు కుదిరేది అందువల్లే.

పిక్కలు అరగదియ్యడం ఓ పని. నలుపు తేలిన ముదురు పిక్కలు, ఒకే సైజువి ఏరుకోవాలి. గరుకు గచ్చుమీద రెండు చుక్కల నీళ్ళు చల్లి, బొటనవేలితో అదిమి ఒకవైపే రుద్దాలి. పిక్క వేడెక్కి వేలు చురుక్కుమంటుంది, పైపొట్టు పోయి దంతంలాంటి తెలుపు కనిపిస్తుంది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకా రుద్దితే ఆ వైపు బల్లపరుపుగా అయి, ఎలా వేసినా తెల్లవైపు కిందికే పోయి నల్లవైపు పైకి వస్తుంది. నాలుగూ నల్లగా పడితే అష్టా కదా, ఇక గోదారికి రోజూ వరదే. కొత్త పిక్కల్ని గచ్చుమీద కాసేపు ఊరికే వేసి చూసుకున్నాకే పటంమీదికి తేవాలి.

5. పాత్రలకి సమానమైన బలం పంచకండి

పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. ఎవరి బలం వాళ్ళది. సినిమా ఆటలోనూ అంతే. అల్లు రామలింగయ్య వేసిన తీసేసిన తాసిల్దారు, అదే తీతా, మా ఆటలో ఒక్కసారి మాత్రం ఎవరినైనా సీటు ఖాళీ చేయించగలడు. చేయించాక అతనికి ప్రశ్నలడిగే హక్కు పోతుంది. రాముడి దగ్గర మొదట్లో పావలా కూడా ఉండదు, బదులుగా రెండు ప్రశ్నలు. డబ్బుగా వాడేది నిజం పావలాలే. 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి, డబ్బాలో పడున్నాయి.

6. బొమ్మలు మీరే గియ్యండి

నరసాపురంలో పుట్టిన బాపుగారి సినిమాకి బొమ్మలు గియ్యాలంటే చెయ్యి ఆడదు, నిజమే. ఆయన గీతని అనుకరించాలని చూడకండి, నవ్వులపాలవుతాం. నేను మనుషుల్ని గియ్యనే లేదు. ఏరు, రేవులు, ఓ తాడిచెట్టు. కోరా గుడ్డమీద ఫ్యాబ్రిక్ రంగులు వేసి, ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే ఉతికినా పోవు.

పోస్టర్లు అతికించడం ఇంట్లో ఆడుకునేవరకు ఫరవాలేదు. నలుగురికీ అమ్మాలని బుద్ధి పుడితే మాత్రం జాగ్రత్త. మన చట్టంలో సినిమాకి హక్కులు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. 'అందాల రాముడు'కి 2033 ఆఖరుదాకా అన్నమాట. మాటలకీ పాటలకీ లెక్క వేరు, రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళు.

7. సినిమా చూడనివాళ్ళ చేత ఆడించండి

చూసినవాళ్ళు ఆటలో లేనిది కూడా ఊహించుకుని బాగుందంటారు. చూడని పిల్లలు మొహమాటపడరు. మా మనవరాలు మధ్యలో లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళి తిరిగి రాలేదనుకోండి, ఆ చోట నియమం బిగించాలని అర్థం. సరంగు వంతు కాని మిగతా ముగ్గురూ ఏం చేస్తున్నారో చూడండి. దిక్కులు చూస్తుంటే ఆటలో లోపముంది. ఆడాక సినిమా పెట్టి చూపించమని వాళ్ళే అడిగితే అంతకన్నా కావాల్సిందేముంది.

8. పటం ఒక్కటే ఉంచి చీటీలు మార్చుకోవచ్చు

2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి'లోనూ ఇదే ప్రయాణం. పిల్లలకి ఆ సినిమా దగ్గర. వాళ్ళు నా గుడ్డా, నా లాంచీ అలాగే ఉంచి చీటీలు మళ్ళీ రాసుకున్నారు. బాకీ ఇచ్చినవాడూ ఎగ్గొట్టినవాడూ పోయి, ఒకరికొకరు ఇష్టమై ఆ సంగతి ఒప్పుకోనివాళ్ళు ఇద్దరు వచ్చారు. ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్ళు ఓడినట్టు. నియమం చిన్నదే గానీ, కింది సీట్లో అవునా కాదా ప్రశ్న పడితే ఏం చెప్పాలన్నదానిమీద మా ఇంట్లో ఇంకా వాదన తేలలేదు. అబద్ధం చెప్పకూడదు కదా. 'కాదు' అంటే అబద్ధం, 'అవును' అంటే ఓటమి. మనవడేమో జవాబు బదులు పావలా కట్టి తప్పించుకోవచ్చంటాడు. మనవరాలు ఒప్పుకోదు, కింద కూర్చున్నవాళ్ళ దగ్గర పావలా ఎక్కడిదంటుంది.