మాట – జబాన్ – కౌలు

మానవునికి లభించిన శక్తులలో వాక్శక్తి మహత్తరమైనది. అరబ్బీ తార్కికులు మనిషిని 'హైవానె నాతిక్' అన్నారు. అనగా మాటాడు ప్రాణి. తర్కశాస్త్రానికి గల 'మంతిక్' అనే పేరు కూడ ఆ ధాతువు నుండి పుట్టినదే. పలుకును, ఆలోచనను ఆ ధాతువు ముడివేస్తుంది.

మన తెలుగులో 'మాట'కు అర్థాలు అనేకం. మాట వినుట విధేయత. మాట పడుట నింద. మాట ఇచ్చుట వాగ్దానం. ఉర్దూలో 'జబాన్' అంటే నాలుక, భాష కూడ. 'జబాన్ దేనా' అన్నా మాట ఇచ్చుటే. ఇచ్చిన పిమ్మట ఆ మాట మనది కాదు, పుచ్చుకొన్నవాని సొత్తు.

అరబ్బీలో 'ఖౌల్' అనగా పలుకు. అదే తెలుగునాట 'కౌలు' అయి పొలానికి చేరింది. సాగుదారులకు రుణార్హత పత్రాలిచ్చుటకు ఆంధ్రప్రదేశ్‌లో 2011లో చట్టం వచ్చింది. అయినను నేటికీ ఎందరో కౌలుదారుల చేతిలో కాగితం లేదు. యజమాని నోటిమాటే వారికి ఆధారం. అది తప్పినచో ఆ కుటుంబం సాగుభూమినే కోల్పోతుంది. కాగితం లేనిచోట మాటకు కాపలా మనస్సాక్షి ఒక్కటే.

విద్యార్థులారా! మాటకు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. దాని విలువ మాత్రం పలికినవాని నడవడిలోనే తెలుస్తుంది.