చిగుళ్ళ రంగు

పళ్ళను గురించి విచారించువారు పలువురు గలరు. వానిని పట్టి నిలుపు చిగుళ్ళ సంగతి మాత్రము నెత్తురు కనబడువరకు ఎవరికిని జ్ఞప్తికి రాదు.

ఉదయమున అంగడి తెరచు తొందరలో పళ్ళు తోముకొనుచుండగా ఉమ్మిలో ఎర్రజీర కనబడును. చిగుళ్ళు ఒరసికొనిపోయినవి, నాలుగు దినములు తోమకుండుట మేలని ఇంటిలో పెద్దలు చెప్పుదురు. చిక్కు మొదలగునది అక్కడనే. డెన్మార్కు దేశమునందలి ఆర్హుస్ నగరమున హారల్డ్ లోయ్ అను దంతవైద్యుడును ఆయన సహచరులును ఆరోగ్యవంతులైన 12 మందిచేత పళ్ళు తోముట మాన్పించి, ఫలితములను 1965లో ప్రకటించిరి. 10 మొదలు 21 దినములలో అందరి చిగుళ్ళును వాచెను. మరల తోముట ఆరంభించిన కొద్దిదినములకే అవి చక్కబడెను. కాబట్టి నెత్తురు కనబడినపుడు మెత్తని బ్రష్షుతో, చిగురు అంచువరకు, మునుపటికంటె శ్రద్ధగా తోమవలెను.

ఇక రంగు సంగతి. మనలో అనేకులకు చిన్ననాటినుండియే చిగుళ్ళు నల్లగనో గోధుమవర్ణముగనో ఉండును. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థమే దీనికిని కారణము, రోగము కాదు. ప్రకటనలలోని గులాబి చిగుళ్ళను చూచి, ఈ నలుపును తీయించుకొనుటకు ధనము వెచ్చించుట వృథా. ఎవరి రంగు వారికి తెలిసియుండి, అందులో వచ్చు మార్పును గమనించిన చాలును.

పళ్ళ మొదట నిలిచిన పాచి గట్టిపడి గార యగును. అచ్చటి చిగురు ఎర్రబారి, ఉబ్బి, జబ్బు ముదిరినకొలది నీలిఛాయకు తిరుగును. గార బ్రష్షుకు రాదు; వైద్యుడు గీసి తీయవలసినదే. గీయించినచో పళ్ళు వదులగునని చాలమంది వెనుదీయుదురు. వాపు తగ్గి సందులు బయటపడుటచేత అట్లు తోచునే గాని, పంటిని వదులుచేయునది గారతో పెరుగు జబ్బే. మధుమేహము గలవారికి ఇది త్వరగా ముదురును. చిగుళ్ళ వాపు మానకున్నచో చక్కెర అదుపునకు వచ్చుటయు కష్టమగును. గద్దెమీద ప్రొద్దస్తమానము కూర్చుండు వర్తకులు ఈ మాట మరువరాదు.

పాలిపోయిన చిగురు రక్తహీనతకు గుర్తు కావచ్చును. సీసము ఒంటికెక్కినవారికి చిగురు అంచున నీలిగీత ఏర్పడుటను 1840లో లండను వైద్యుడు హెన్రీ బర్టన్ వర్ణించెను. పాత బ్యాటరీలు కరగించుచోట పనిచేయువారికి ఇది నేటికిని వర్తించును. తుడిచినను పోని తెల్లమచ్చ రెండు వారములు నిలిచినచో, ముఖ్యముగా పొగాకు, వక్క నమలువారు, వెంటనే వైద్యునికి చూపవలెను. అది క్యాన్సరుకు ముందు గుర్తు కావచ్చును. పొగత్రాగువారికి జబ్బున్నను నెత్తురు తక్కువగా కనబడును గనుక, వారు దానిని చూచి ధైర్యపడరాదు.

ఇటుకపొడి, బొగ్గు చిగుళ్ళను గీరును. పొగాకు కలిపిన పళ్ళపొడిని ప్రభుత్వము 1992లోనే నిషేధించెను.

సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించి, రాత్రి నీరైనను ముట్టని ఇండ్లలో మరొక జాగ్రత్త అవసరము. నిద్రలో లాలాజలము తగ్గును గనుక, సందులలో చిక్కిన మెతుకులు తెల్లవారువరకు అచ్చటనే నిలుచును. భోజనము కాగానే, ప్రొద్దు క్రుంకకముందే, పళ్ళు తోముకొని సందులను దంతముల దారముతో శుభ్రపరచుకొనవలెను.