పైపు మార్చారు సరే, జెట్టు?

సోలాపూర్ కుంఠా నాకాలో మరమగ్గాల టకటకల మధ్య కూడా ఆర్‌ఎక్స్ 100 చప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీ, 11 హార్స్‌పవర్. అలాంటిదే నేనూ ఒకటి కొన్నాను. చాంబర్ సైలెన్సర్ బిగించి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోను ఫిల్టర్ తగిలించాను. చప్పుడు అదిరింది. అక్కల్‌కోట్ రోడ్డెక్కి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. బండి గింజుకుని, దగ్గి, నీరసపడిపోయింది.

"సైలెన్సర్ మంచిది కాదు మామా" అన్నాను మెకానిక్‌తో.

ఆయన ప్లగ్గు విప్పి చూపించాడు. కొస సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. "గాలి పెంచినవ్, పెట్రోలు పాతంతనే ఇస్తున్నవ్. ఇట్లనే తోల్తే పిస్టన్ పట్టేస్తది అల్లుడా."

నేత ఇళ్లలో పుట్టినవాడికి ఇది కొత్త సంగతి కాదు. పేక నూలు లావు మారితే అంగుళానికి ఎన్ని పోగులు పడాలో ఆ లెక్కా మారాలి. మనమేమో ప్రమోషన్ తీసుకుంటాం, బాధ్యతలు రెట్టింపు చేసుకుంటాం. నిద్ర, తిండి, చదువు మాత్రం పాత లెక్కే.

తర్వాత మామ అడిగిన ప్రశ్న నాకు బాగా పనికొచ్చింది. "ఎంత తిప్పినప్పుడు అడ్డం తిరుగుతున్నది?"

కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న రంధ్రాలే జెట్లు. యాక్సిలరేటర్ తిప్పే ఒక్కో దశకు ఒక్కో యజమాని. ఐడిలింగ్‌లో, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు పైలట్ జెట్టు, గాలి స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా సూది. దానికున్న గాట్లలో క్లిప్పును ఒకటి కిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఆపైన మెయిన్ జెట్టు.

"నాకు కాన్ఫిడెన్స్ లేదు" అనేవాళ్లను నేనిప్పుడు మామలాగే అడుగుతున్నాను: ఎక్కడ? ఇంటర్వ్యూలో మొదటి రెండు నిమిషాలా? పని సగంలో ఉన్నప్పుడా? గడువు ముంచుకొచ్చి పూర్తిగా తిప్పాల్సి వచ్చినప్పుడా? మొదటిదానికి నోటితో పదిసార్లు సాధన చాలు. చివరిదానికి సాధన కాదు, పక్కన మనిషి కావాలి. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

చాలామంది గాలి స్క్రూ దగ్గరే కూర్చుంటారు. ఎందుకంటే అది బయటే ఉంటుంది, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. కొత్త డైరీ, నాలుగింటి అలారం అలాంటివే. (నా దగ్గర మూడు డైరీలున్నాయి. మూడూ జనవరి పదో తేదీ దాటలేదు.) మెయిన్ జెట్టు మార్చాలంటే కార్బురేటర్ అడుగు గిన్నె విప్పాలి, చేతులకు పెట్రోలు అంటుతుంది.

విప్పాం. ముందు గాలి ఎక్కడా లీకవడం లేదని చూసుకుని, పెద్ద జెట్టు వేశాం. ఒకసారికి ఒక్కటే మార్పు. నేను తొందరపడి సూదిని కూడా పైకి లేపబోతే మామ చేతిమీద కొట్టాడు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవడికి తెలుస్తుంది?

ప్రతిసారీ అదే రోడ్డు, అదే వేగం. పూర్తి యాక్సిలరేటర్‌లో ఉండగానే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేయడం, ప్లగ్గు విప్పి చూడటం. మూడో జెట్టుకు కొస బెల్లం రంగుకొచ్చింది.

అది మే నెల. మామ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "చలికాలంల గాలి చిక్కగుంటది. డిసెంబర్‌ల మళ్ల తీస్కరా."