పులి-మేక ఆట: మేకలు గెలిచేదెట్లా?

మన హాస్టల్ వరండాలో సుద్దముక్కతో గీసిన పులి-మేక గడి పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు.

మేకలను ఒక్కొక్కటే పెట్టాలి. 15 పెట్టేదాకా ఏ మేకా కదలరాదు, పులి మాత్రం కదులుతుంది. గీత వెంట మేక మీదుగా ఖాళీ బిందువుకు దూకితే మేక చచ్చినట్లే. వరుసగా రెండుంటే దూకలేదు. పులులన్నీ కదలలేకపోతే గెలుపు మేకలది. కొత్తగా వచ్చిన తమ్ముళ్లు మేకను తెచ్చి పులి ముందే పెడతారు! ముందు మూలలు నింపాలి. మూలలోని మేకకు అవతల బిందువే ఉండదు, ఇక దూకేదెక్కడికి?

చిక్కంతా నియమాలతోనే. 5 మేకలు పోతే ఓటమని పాపన్నపేట మిత్రుడు, కాదు 6 అని నర్సాపూర్ మిత్రుడు. ఈ గొడవతో ఇద్దరూ రెండు రోజులు వేర్వేరు వరుసల్లో కూర్చొని తిన్నారు.

నేపాల్ బాగ్‌చాల్‌లో 4 పులులు, 20 మేకలు. వైకింగుల ఆటలో మధ్యనున్న రాజు తప్పించుకోవాలి. ఆ కోవకే చెందిన టాబ్లుట్‌ను 1732లో లాప్లాండ్‌లో లిన్నేయస్ రాసిపెట్టాడు: రాజు, 8 మంది కాపలా, చుట్టూ 16 మంది శత్రువులు.

మేమిప్పుడు గడి పక్కనే సుద్దతో '5' అనో '6' అనో రాసి, తర్వాతే మొదటి మేకను పెడుతున్నాం.